ఫ్లైట్‌గేర్‌లో మన ఊరి భవనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లైట్‌గేర్ అంటే ఏమిటి? అందులో ఊళ్ళు ఎవరు కడుతున్నారు?

ఫ్లైట్‌గేర్ కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్. 1990ల చివరి నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ చేతుల్లోనే పెరుగుతూ వచ్చింది. సోర్స్ కోడ్ జీపీఎల్ లైసెన్స్ కింద, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, అవే షరతులతో పంచుకునేలా, అందరికీ అందుబాటులో ఉంటుంది. విమానాలు, నేల, చెట్లు, ఇళ్ళు అన్నీ తలా ఒక చెయ్యి వేసి చేసినవే. భవనాల సంగతికొస్తే, చేసేవాళ్ళలో ఎక్కువమంది తమ ఊరు సరిగా కనపడలేదన్న ఉక్రోషంతో మొదలుపెట్టినవాళ్ళే. నేనూ అంతే.

డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. ఇదే ప్రోగ్రామ్‌కి వేరే పేరు తగిలించి నెట్‌లో అమ్మేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర మాత్రం కొనకండి. లైసెన్స్ ప్రకారం అమ్మడం తప్పేమీ కాదు, కానీ ఉచితంగా దొరికేదానికి మీరు డబ్బులిచ్చినట్టవుతుంది.

సిమ్యులేటర్‌లో కనిపించే భవనాలన్నీ ఒకే రకమా?

కాదు, మూడు రకాలు. ఈ తేడా తెలియకపోతే ఏది ఎక్కడ సరిచేయాలో తెలియదు.

మొదటిది చల్లినట్టు వచ్చేది. ఇది పట్టణ ప్రాంతం అని నేల సమాచారంలో ఉంటే చాలు, సిమ్యులేటర్ అక్కడ తోచినట్టు ఇళ్ళు చల్లేస్తుంది. మీ వీధికీ వాటికీ ఏ సంబంధమూ ఉండదు.

రెండోది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి, అంటే ఎవరైనా గీసి సరిచేయగలిగే ఉచిత ప్రపంచ పటం నుంచి పుట్టేది. ఓఎస్ఎం2సిటీ అనే పైథాన్ ప్రోగ్రామ్ మ్యాప్‌లో గీసి ఉన్న ప్రతి భవనం హద్దునూ తీసుకుని, దానికి గోడలు లేపి, కప్పు వేసి, ఒక బొమ్మ అతికిస్తుంది. రోడ్లు, కరెంటు లైన్ల స్తంభాలు కూడా అదే చేస్తుంది. ఈ ఇళ్ళు నిజంగా ఉన్న చోటే ఉంటాయి, రూపం మాత్రం ఊహే.

మూడోది మనిషి కూర్చుని బ్లెండర్, ఏసీ3డీ లాంటి 3డీ బొమ్మలు చేసే ప్రోగ్రామ్‌లో చేసిన మోడల్. చార్మినార్ లాంటి వాటికి ఇదే దారి.

కొత్తగా వచ్చినవాళ్ళందరి చూపూ మూడోదాని మీదే. పని ఎక్కువగా మిగిలి ఉన్నది మాత్రం రెండోదాంట్లో.

హైదరాబాద్ మీద ఎగిరితే కింద పెంకుటిళ్ళు కనిపిస్తున్నాయేం?

ఇది నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. కప్పు ఎలాంటిదో మ్యాప్‌లో రాసి లేకపోతే ఓఎస్ఎం2సిటీ ఇంటి విస్తీర్ణం, అంతస్తులు చూసి తనే ఒక నిర్ణయానికి వస్తుంది. చిన్న ఇల్లు, ఒకటో రెండో అంతస్తులు అయితే వాలు కప్పు వేసేయడం దానికి అలవాటు. ఆ ప్రోగ్రామ్ ముందుగా యూరప్ ఊళ్ళ మీద పెరిగింది, గోడలకు అతికించే బొమ్మలు కూడా ఎక్కువగా అక్కడివే. అందుకని మన దిల్‌సుఖ్‌నగర్ డాబాలు జర్మనీ పల్లెలా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది, పదోసారికి ఒళ్ళు మండింది.

మందు చాలా చిన్నది. మ్యాప్‌లో ఆ భవనానికి కప్పు ఆకారం ఫ్లాట్ అని, అంతస్తులు ఇన్ని అని రాయాలి. రెండే రెండు వివరాలు. వీధికి ముప్ఫై ఇళ్ళనుకుంటే ఒక సాయంత్రం పని. ఆ వీధి మళ్ళీ తయారైనప్పుడు డాబాలతో లేస్తుంది.

నాకు 3డీ మోడలింగ్ రాదు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

అసలు పని మీదే. ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ యాప్ వేసుకుని మీ కాలనీలో నడవండి. ఎదురుగా ఉన్న భవనానికి ఎన్ని అంతస్తులు, కప్పు ఏ ఆకారం అని అదే అడుగుతుంది, మీరు చూసి చెప్తే మ్యాప్‌లోకి ఎక్కుతుంది. భవనం హద్దు అసలు గీసే లేకపోతే కంప్యూటర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్ తెరిచి, అక్కడ ఇచ్చిన ఉపగ్రహ చిత్రం మీద గీయాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా కాలనీలో అపార్ట్‌మెంట్లన్నీ జీ ప్లస్ ఫోర్. నేను అన్నిటికీ 4 అని రాసుకుంటూ పోయాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లెక్కలో గ్రౌండ్ ఫ్లోర్ కూడా ఒక అంతస్తే, కాబట్టి 5 రాయాలి. స్టిల్ట్ పార్కింగ్ ఉంటే అదీ నేల పైనే ఉంది కదా, కలపండి. సెల్లార్ కలపకూడదు. పెంట్‌హౌస్ అని పేరు పెట్టి కట్టిన అరకొర గది గురించి గొడవ పెట్టుకోకండి, పై నుంచి ఆ తేడా పెద్దగా తెలియదు. ఈ తప్పు సరిచేయడానికి కాలనీ అంతా మళ్ళీ ఒక్కో ఇల్లూ తెరిచి నొక్కుకుంటూ పోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. ఎత్తైన భవనాలు ఉపగ్రహ చిత్రంలో ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తాయి. మీరు గీయాల్సింది నేలను తాకే చోటు, పైకప్పు అంచు కాదు. పదిహేను అంతస్తుల టవర్‌కి కప్పు చుట్టూ గీస్తే, సిమ్యులేటర్‌లో అది పక్కింటి ఆవరణలో లేస్తుంది.

గూగుల్ మ్యాప్స్ చూసి గీయొచ్చా? అందులో అన్నీ ఉన్నాయి కదా.

వద్దు. ఆ చిత్రాలు, ఆ పేర్లు వాళ్ళ సొత్తు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం 2012 నుంచి ఓడీబీఎల్ అనే లైసెన్స్ కింద ఉంది, అందులోకి అనుమతి లేని చోటి నుంచి ఎత్తినదేదీ పెట్టకూడదు. తెలిస్తే తీసేస్తారు, మీ సాయంత్రాలు వృథా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎడిటర్‌లోనే వాడుకోవడానికి అనుమతి ఉన్న చిత్రాలున్నాయి. అవి కాస్త పాతవైతే కావచ్చు, మీ కళ్ళు కొత్తవే కదా, వెళ్ళి చూసి రండి.

నిన్న మ్యాప్‌లో గీశాను. సిమ్యులేటర్‌లో ఇంకా రాలేదు.

రాదు. మ్యాప్‌కీ సిమ్యులేటర్‌కీ మధ్య నేరుగా తీగ లేదు. ఎవరో ఒకరు మ్యాప్ సమాచారం దించుకుని, ఓఎస్ఎం2సిటీ నడిపి, వచ్చిన ఫైళ్ళను సర్వర్లలో పెడితేనే టెర్రాసింక్ వాటిని మీ కంప్యూటర్‌కి తెస్తుంది. టెర్రాసింక్ అంటే మీరు ఎగురుతుండగానే ముందున్న నేలను, భవనాలను నెట్ నుంచి దించే ఏర్పాటు. ప్రపంచమంతా మళ్ళీ తయారు చేయడం పెద్ద పని కాబట్టి అది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది.

ఆగలేకపోతే మీ ఊరి వరకు మీరే నడుపుకోవచ్చు. జియోఫాబ్రిక్ సైట్‌లో దక్షిణ భారతం ముక్క విడిగా దొరుకుతుంది, తెలుగు రాష్ట్రాలు రెండూ అందులోనే ఉన్నాయి. పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్, పైథాన్, ఫ్లైట్‌గేర్‌తో వచ్చే నేల ఎత్తు చెప్పే చిన్న ప్రోగ్రామ్ కావాలి. లినక్స్‌లో అయితే తేలిక. మొదటిసారి అంతా అమర్చుకోవడానికి ఒక వారాంతం పోతుంది. అమర్చాక మాత్రం పొద్దున మ్యాప్‌లో గీసిన ఇంటి మీద సాయంత్రం ఎగరొచ్చు.

చేత్తో మోడల్ చేయదగ్గ భవనాలు ఏవి?

పైలట్ దారి గుర్తుపట్టడానికి పనికొచ్చేవి ముందు. బేగంపేట నుంచి సెస్నా 172 అనే చిన్న విమానంలో బయల్దేరి దక్షిణానికి తిరిగారనుకోండి. మూడు కిలోమీటర్లలో హుస్సేన్ సాగర్, నీళ్ళ మధ్య 1992లో నిలబెట్టిన బుద్ధుడు. ఒడ్డున నౌబత్ పహాడ్ మీద తెల్లటి బిర్లా మందిర్. పది కిలోమీటర్లకు చార్మినార్. పడమటికి తిరిగితే గోల్కొండ, హైటెక్ సిటీలో 1998 నాటి గుండ్రటి సైబర్ టవర్స్, 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన. వీటిలో ఒక్కోటీ దిక్సూచిలా పనిచేస్తుంది.

బేగంపేట విమానాశ్రయమే సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఆల్టీమీటర్ 2,700 చూపిస్తోంటే మీరు నేలకి వెయ్యి అడుగుల లోపే ఉన్నారు. ఆ ఎత్తు నుంచి కిటికీ చట్రం మీది నగిషీ కనపడదు, భవనం ఆకారం, రంగు, నీడ కనపడతాయి. ఏది చేయాలో, ఎంత చేయాలో ఆ ఎత్తును బట్టే నిర్ణయించుకోండి.

మీరు పనిచేసే ఆఫీసు, చదివిన కాలేజీ? చేసుకోండి, ఎవరూ కాదనరు. అయితే చుట్టూ ఉన్న ఇళ్ళు సరిగా లేకుండా మధ్యలో ఒక్క భవనం అద్దంలా నిలబడితే అది పెళ్ళికొడుకు ఒక్కడే వచ్చిన పెళ్ళిలా ఉంటుంది.

చార్మినార్ చేయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొలతలతో. 1591 నాటి కట్టడం కదా, కొలతలు తేలిగ్గా దొరుకుతాయనుకుంటాం. పునాది చతురస్రం ఒక్కో వైపు 20 మీటర్లని చాలా చోట్ల రాస్తారు. మినార్ల ఎత్తు దగ్గరే పేచీ: ఒక చోట 56 మీటర్లు, ఇంకో చోట 160 అడుగులు, అంటే 49 మీటర్లకు కాస్త తక్కువ. ఏడు మీటర్ల తేడా అంటే రెండంతస్తుల ఇల్లు. దూరం నుంచి జూమ్ చేసి, ఒక ముఖానికి ఎదురుగా నిలబడి ఫోటో తీయండి. వెడల్పుకి ఎత్తు ఎన్ని రెట్లో లెక్కపెట్టి, 20తో హెచ్చించి చూసుకోండి. దగ్గర నుంచి తలెత్తి తీసిన ఫోటో ఈ లెక్కకు పనికిరాదు, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది.

బ్లెండర్‌లో కొలతలు మీటర్లలో పెట్టుకోండి. మినార్‌కి ఎనిమిది పలకల గొట్టం చాలు, ముప్ఫైరెండు పలకలు పెట్టి సిమ్యులేటర్‌ను ఏడిపించకండి. నాలుగు వైపుల పెద్ద కమానులు మాత్రం నిజంగా తెరిచి ఉంచండి. వాటిలోంచి అవతలి వెలుగు కనపడితేనే అది చార్మినార్, బొమ్మ అతికిస్తే డబ్బా. పైన జాలీ పిట్టగోడలు చెక్కక్కర్లేదు, పారదర్శకత ఉన్న పీఎన్‌జీ బొమ్మ అతికిస్తే సరిపోతుంది. బయటి నుంచి కనపడని పలకలన్నీ తీసేయండి. బొమ్మల కొలతలు 256, 512, 1024 ఇలా రెండును రెండుతో హెచ్చిస్తూ పోతే వచ్చే అంకెల్లోనే ఉండాలి. వీలైతే భవనం మొత్తానికి ఒకే బొమ్మ.

ఇంకొకటి, అడుగు భాగాన్ని నేల కింద నాలుగైదు మీటర్ల వరకు దింపండి. ఎందుకో తర్వాతి ప్రశ్నలో.

నా భవనం ఒక వైపు గాల్లో తేలుతోంది.

నేల ఎత్తుల సమాచారం ఎక్కువగా 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచినది. దాంట్లో కొలతకూ కొలతకూ మధ్య దూరం సుమారు 90 మీటర్లు. నౌబత్ పహాడ్ లాంటి చిన్న గుట్ట ఆ జల్లెడలో సగం కారిపోతుంది. నిజంగా గుట్ట కొమ్మున ఉన్న గుడి సిమ్యులేటర్‌లో మెత్తటి దిబ్బ మీద కూర్చుంటుంది. కాబట్టి సర్వే పటంలో ఉన్న ఎత్తు తెచ్చి పెట్టకండి, సిమ్యులేటర్ నేల ఎత్తే పెట్టండి. వాలు ఉన్న చోట పునాది కిందికి దింపి ఉంటే సందు కనపడదు.

ఎత్తు కనుక్కోవడానికి ఫ్లైట్‌గేర్‌లో యూఎఫ్ఓ అనే విమానం ఉంది. ఎగిరే పళ్ళెం అన్నమాట, వేళాకోళం కాదు. దాంతో ఎక్కడైనా ఆగి, మౌస్‌తో నొక్కి వస్తువును నేల మీద దించి, అటూ ఇటూ జరిపి, డీ అక్షరం నొక్కితే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, దిక్కు అన్నీ రాసి ఇస్తుంది.

భవనం ముఖం తిరగాల్సిన వైపు తిరగలేదు.

ఏ వస్తువు ఎక్కడ, ఎటు తిరిగి ఉండాలో ఫ్లైట్‌గేర్‌కి చెప్పేది ఎస్‌టీజీ ఫైల్. అందులో దిక్కు లెక్క తిరకాసుగా ఉంటుంది. దిక్సూచిలో ఉత్తరం 0, తూర్పు 90 కదా. ఎస్‌టీజీలో రాయాల్సింది 180లోంచి ఆ అంకె తీసేస్తే వచ్చేది. దిక్సూచి అంకె 180 దాటితే 540లోంచి తీయాలి. దిక్సూచిలో 30 అయితే ఫైల్‌లో 150, 270 అయితే 270. తూర్పు, పడమర ముఖాల ఇళ్ళకు రెండు లెక్కలూ ఒకటే అంకె ఇస్తాయి, అందుకే చాలామందికి మొదట ఈ తేడా తెలియదు. నేను మొదట పెట్టిన గుడి తూర్పు ముఖం, చక్కగా కుదిరింది. రెండోది ఈశాన్యానికి కాస్త తిరిగిన ఫంక్షన్ హాలు, రోడ్డుకి అడ్డంగా తిరిగి కూర్చుంది. వాస్తు చూసేవాళ్ళెవరైనా ఉంటే అక్కడే శాంతి చేయించేవాళ్ళు.

ఫైల్ ఎక్కడ పెట్టాలి? ఆ అంకెల పేర్లేమిటి?

ఫ్లైట్‌గేర్ భూమిని గళ్ళుగా కోసి పెట్టుకుంటుంది. ముందు 10 డిగ్రీల పెద్ద గడి, అందులో 1 డిగ్రీ గడి, అందులో మళ్ళీ చిన్న పలకలు. హైదరాబాద్‌కి పెద్ద ఫోల్డర్ ఈ070ఎన్10, దాని లోపల ఈ078ఎన్17. మన అక్షాంశాల్లో ఒక పలక డిగ్రీలో ఎనిమిదో వంతు, అంటే అటూ ఇటూ 13, 14 కిలోమీటర్లు. ప్రతి పలకకూ ఒక సంఖ్య ఉంటుంది. చార్మినార్ ఉన్న పలక 4233939, కాబట్టి దాని వివరాలు ఆ సంఖ్య పేరుతో ఉన్న ఎస్‌టీజీ ఫైల్‌లో ఒక్క వరుసగా చేరతాయి: మోడల్ పేరు, రేఖాంశం, అక్షాంశం, ఎత్తు, దిక్కు. రేఖాంశం ముందు వస్తుందని గుర్తుంచుకోండి. తారుమారు చేస్తే 17 డిగ్రీల తూర్పు, 78 డిగ్రీల ఉత్తరం అవుతుంది. అది స్వాల్‌బార్డ్ మంచు దీవుల దగ్గర.

మీ సొంత పని వేరే ఫోల్డర్‌లో పెట్టుకుని, ఫ్లైట్‌గేర్ మొదలయ్యే తెరలో యాడ్-ఆన్స్ దగ్గర దాన్ని చేర్చండి. టెర్రాసింక్ ఫోల్డర్‌లో పెడితే అది తన లెక్క ప్రకారం తుడిచేసే ప్రమాదం ఉంది.

గోడలకు అతికించే ఫోటోలు నెట్ నుంచి తీసుకోవచ్చా?

మీరే తీసుకోండి, గొడవ లేదు. భవనాల సేకరణలోకి వెళ్ళేవన్నీ జీపీఎల్ 2 కింద ఉండాలి. వికీమీడియా కామన్స్‌లో ఉన్నదంతా ఉచితమే కదా అనుకుంటారు, కానీ అక్కడ చాలా ఫోటోలు సీసీ బై-ఎస్ఏ లైసెన్స్‌తో ఉంటాయి, అది జీపీఎల్ 2తో పొసగదు. సీసీ0 అని ఉన్నవి, అంటే తీసినవాళ్ళు హక్కులు వదిలేసుకున్నవి, హక్కులు తీరిపోయినవి వాడొచ్చు.

ఫోటో మబ్బు పట్టిన రోజున తీయండి. ఎండలో తీస్తే నీడ గోడ మీద అచ్చుపడిపోతుంది, సిమ్యులేటర్‌లో సూర్యుడు ఎటున్నా ఆ నీడ కదలదు. ఫ్లెక్సీలు, కార్ల నంబర్లు, మనుషుల ముఖాలు తుడిచేయండి. ఏ ఎన్నికలప్పుడు తీశారో గోడ చూసి చెప్పేలా ఉండకూడదు. సైనిక స్థావరాల గోడల దగ్గర కెమెరా తీయకండి. హకీంపేట, దుండిగల్ పక్కన ఉండేవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

అందరికీ అందేలా పంపాలంటే?

ఫ్లైట్‌గేర్ సీనరీ డేటాబేస్ సైట్‌లో ఫారం ఉంది. మోడల్, దాని బొమ్మలు, ఎక్కడ పెట్టాలో వివరాలు, 320కి 240 కొలతలో ఒక చిన్న చిత్రం, లైసెన్స్‌కి ఒప్పుకోలు. అవతల చూసేదీ స్వచ్ఛందంగా పనిచేసే మనిషే, కాబట్టి రెండో రోజే జవాబు రాలేదని చిన్నబుచ్చుకోకండి. తిప్పి పంపేది ఎక్కువగా చిన్న కారణాలకే: బొమ్మ కొలత తప్పు, ఫైల్ పేరులో ఖాళీ, భవనం నేలలో కూరుకుపోవడం. నీళ్ళ ట్యాంకులు, రేడియో టవర్ల లాంటి వాటికి ఇప్పటికే ఉమ్మడి మోడళ్ళున్నాయి. వాటికి చోటు చెప్తే చాలు, మళ్ళీ చేయక్కర్లేదు.

భవనాలు పెట్టగానే కంప్యూటర్ నత్తలా నడుస్తోంది.

చల్లిన ఇళ్ళు, మ్యాప్ ఇళ్ళు రెండూ ఒకేసారి వేస్తున్నారేమో చూడండి. మ్యాప్ ఇళ్ళు ఉన్న చోట చల్లినవి ఆపేయండి. తర్వాత రెండరింగ్ ఎంపికల్లో భవనాలు ఎంత దూరం వరకు గీయాలో తగ్గించండి. ఎయిర్‌పోర్ట్ దగ్గర తిరిగేవాడికి ఇరవై కిలోమీటర్ల అవతలి అపార్ట్‌మెంట్ ఎందుకు?

రన్‌వే తప్పుగా ఉంది. దాన్ని ఎక్కడ మార్చాలి?

అది వేరే దారి. రన్‌వేలు, టాక్సీవేలు ఎక్స్-ప్లేన్ అనే వేరే సిమ్యులేటర్ వాళ్ళ సీనరీ గేట్‌వే సమాచారం నుంచి వస్తాయి. వరల్డ్ఎడిటర్ అనే ఉచిత పనిముట్టుతో మార్చి అక్కడికి పంపాలి. శంషాబాద్ లాంటి పెద్దవాటి మీద ఎవరో ఒకరి కన్ను ఉంటుంది, చిన్న ఎయిర్‌స్ట్రిప్‌ల మీదే ఉండదు.

వేరే సిమ్యులేటర్ నుంచి మంచి మోడల్ దొరికింది, మార్చి పెట్టేయనా?

చేసినవాళ్ళు రాతపూర్వకంగా జీపీఎల్‌కి ఒప్పుకుంటే పెట్టండి. ఉచిత డౌన్‌లోడ్ అని రాసి ఉంటే అది ఒప్పుకోలు కాదు.

కూల్చేసిన భవనం ఇంకా కనిపిస్తోంది. కొత్తది లేదు.

హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇదే గోల. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న మొదలైంది, దానికి రెండు వారాల ముందు పక్కనే 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. పాత సమాచారంతో చేసిన పలకలో ఈ రెండూ ఉండవు. మ్యాప్‌లో పాత హద్దు తుడిచి కొత్తది గీయడం మొదటి పని. చేత్తో చేసిన పాత మోడల్ ఉంటే దాన్ని తీసేయమని డేటాబేస్‌లోనే అడగాలి, లేకపోతే కొత్త గోడలోంచి పాత గోడ పొడుచుకొస్తుంది. విగ్రహం కింద 50 అడుగుల పీఠం ఉంది, మొత్తం 175 అడుగులు. మోడల్ చేసేవాళ్ళు పీఠం మరిచిపోకండి.

తెలుగులో పేర్లు రాస్తే సిమ్యులేటర్‌లో కనిపిస్తాయా?

భవనాల మీద కనపడవు. మ్యాప్‌లో మాత్రం తెలుగు పేరుకి విడిగా ఒక గడి ఉంది, వీధిలో తిరిగేటప్పుడు ఎలాగూ బోర్డు చదువుతారు కదా, అదీ నింపేయండి.